ఇంటి పన్ను కోసం ఊరే ఖాళీ అయిన రోజులు

పోయిన నెల గుడివాడలో మా ఇంటి పన్ను ఫోన్‌లోనే కట్టేద్దామని కూర్చున్నా. అసెస్‌మెంట్ నంబర్ కొడితే ఓనర్ పేరు దగ్గర మా తాతయ్య పేరు వచ్చింది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. "పేరు మార్పించలేదా నాన్నా?" అంటే, "ఏటా కడుతున్నాం కదరా, ఇంకేం కావాలి?" అన్నారు. నిజానికి నేనూ ఒక్కసారి కూడా రసీదు చదవలేదు. అప్పుడు గుర్తొచ్చింది చీరాల-పేరాల కథ. ఇవాళ అదే చెప్పుకుందాం.

కథానాయకుడు మన కృష్ణా జిల్లా మనిషే. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరోలో ఎమ్మే చదివి, తిరిగొచ్చాక కొన్నాళ్ళు మన బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత చీరాల చేరారు.

అప్పట్లో చీరాల, పేరాల కలిపి జనాభా 15 వేలు. ఎక్కువ మంది నేతగాళ్ళు, చిన్న రైతులు. వద్దు మొర్రో అంటున్నా మద్రాసు ప్రభుత్వం ఊళ్ళను మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేలు ఉన్న పన్ను ఒక్కసారిగా 40 వేల దాకా పోయింది. పదింతలు! మగ్గం మీద బతికేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? కట్టం అన్నారు. జైళ్ళకూ వెళ్ళారు.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు: హింస లేకుండా పన్ను నిరాకరించడం, లేదా ఊరే వదిలెయ్యడం. మునిసిపాలిటీ హద్దు దాటితే పన్ను అడిగే హక్కే ఉండదుగా! జనం రెండోది ఎంచుకున్నారు. సుమారు 13 వేల మంది సొంత ఇళ్ళు వదిలి, హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరు రామనగరం. గోపాలకృష్ణయ్య గారి వాలంటీర్లే రామదండు.

ఎండలు, వానలు, చేతిలో డబ్బు లేదు. ఆయన్ని అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. అయినా జనం దాదాపు 11 నెలలు నిలబడ్డారు. చివరికి ఓపిక అయిపోయి పాత ఇళ్ళకు తిరిగొచ్చారు. ఆయన 1928లో, 39 ఏళ్ళకే పోయారు.

అయితే పన్ను కట్టొద్దంటున్నానా? కాదు. వీధి దీపం, కాలువ, చెత్త బండి, అన్నీ ఆ డబ్బుతోనే నడవాలి. వాళ్ళ గొడవ, మమ్మల్ని అడక్కుండా, మా తాహతు చూడకుండా ఎలా వేస్తారు అని. వాళ్ళు అంత కష్టపడి అడిగిన ప్రశ్నని మనం రసీదు కూడా చదవకుండా వదిలేస్తున్నాం.

కాబట్టి చూడండి. బందరు, గుడివాడ లాంటి పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి పన్ను లెక్క మారింది. ముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసేవాళ్ళు, ఇప్పుడు ఆస్తి విలువ చూస్తారు. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం. పాత పన్ను మీద పెంపు 15 శాతం దాటకూడదని హద్దు కూడా పెట్టారు. దివిసీమలో నాగాయలంక, కోడూరు లాంటి ఊళ్ళలో అయితే ఇంటి పన్ను పంచాయతీది.

రసీదులో మూడు చూడండి: పేరు, కొలత, వాడకం. ఉండే ఇంటిని షాపు అని రాస్తే పన్ను పెరుగుతుంది. తప్పుంటే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. ఇంకో మాట, పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు మీదని రుజువు కాదు. దానికి దస్తావేజులే కావాలి.

నేను తాతయ్య మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు పట్టుకుని పేరు మార్పుకి అప్లికేషన్ పెట్టా. నాన్న పక్కనే ఉండి సంతకం చేశారు. మీరూ ఇవాళ ఒక్కసారి మీ ఇంటి రసీదు తీసి చూడండి. ఎవరి పేరు ఉందో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.