పెండ్లి ఛాయాచిత్రముల కథ

పెండ్లి కొన్ని గంటలలో ముగియును. పెండ్లి పటములు మూడు తరములు నిలుచును. ఆ పటములు రెండు తెరగులు. వధూవరులను, బంధువులను వరుస దీర్చి, అందరి చూపులను కెమెరా వైపు త్రిప్పించి తీసినవి కొన్ని. వీనిని కూర్పు పటములందము. ఎవరిని నిలువుమనక, జరుగుచున్నదానిని జరుగుచున్నట్లే పట్టుకొన్నవి మరికొన్ని. ఇవి సహజ పటములు. ఈ రెంటిలో నేది మేలను వివాదము నేటికిని వినవచ్చుచున్నది. ఇవి యెట్లు పుట్టినవో యెరిగినచో వివాదము చాలవరకు తీరునని మాకు తోచుచున్నది.

కూర్పు పటము అభిరుచి వలనకంటె నవసరము వలన పుట్టినది. 1839లో ఫ్రాన్సు దేశమున డగేర్ పద్ధతి వెల్లడియైనప్పుడు, వెండిపూత గల రాగిరేకుపై బింబము పడుటకు నిమిషములు పట్టెడిది. కొన్ని యేండ్లలో ఆ కాలము సెకనులకు తగ్గినను, అంతసేపును కదలక కూర్చుండవలసినదే. తల చలింపకుండ వెనుక ఇనుప ఆధారమును అమర్చెడివారు. నవ్వు నంతసేపు నిలుపుట కష్టము. నాటి పటములందలి గాంభీర్యమునకు ఇదియు నొక కారణము.

1858 జనవరి 25న లండనులో విక్టోరియా రాణి పెద్ద కుమార్తెకు ప్రష్యా రాజకుమారుడు ఫ్రెడరిక్ విలియముతో వివాహమైనది. వివాహమునకు బయలుదేరుటకు ముందు పెండ్లికూతురు తల్లిదండ్రులతో గూడి పటము తీయించుకొన్నది. అందు రాణి రూపు చెదరి మసకగా పడినది. తాను వణకుటచే నట్లయినదని ఆమె తన దినచర్యలో వ్రాసికొన్నది. పనితనమును బట్టి చూచిన అది లోపమే. కాని కూతురును పరదేశమునకు పంపుచున్న తల్లి మనసు మనకు కనబడునది ఆ మసకలోనే. ఎంత కట్టుదిట్టముగా కూర్చినను, సహజత తనంతట తాను పటములో ప్రవేశింపగలదు.

కూర్పు పటమునకు మరియొక గుణము గలదు. అది ఎదుటివారి సమ్మతిని కోరును. సికిందరాబాదులో స్టూడియో నడిపి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్ దయాళ్, 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియోను తెరచెను. అందు పటములు తీయు బాధ్యతను స్త్రీకే అప్పగించెను. పరపురుషుల కంటబడని యిల్లాండ్రు అచ్చట తమ యిష్టము చొప్పున కూర్చుండి పటము తీయించుకొనగలిగిరి. చాటున నిలిచి తీసిన పటమున ఈ మర్యాద యుండదు.

సహజ పటమునకు చిన్న కెమెరాలు దారి యిచ్చినవి. 1925లో సినిమా ఫిల్మును వాడు లైకా కెమెరా జర్మనీలో విపణికి వచ్చినది. ఆ దేశస్థుడే యైన ఎరిక్ సాలమన్ రాజకీయవేత్తల సమావేశములందు వారు గమనింపకుండ తీసిన పటములు పత్రికాలోకమునకు క్రొత్త రుచి చూపినవి. క్రమముగా ఆ రీతి పెండ్లిండ్లకును ప్రాకినది. 1953 సెప్టెంబరు 12న అమెరికాలోని న్యూపోర్టులో జాన్ కెనెడీ వివాహమునకు టోనీ ఫ్రిసెల్ అను ఛాయాగ్రాహిణి వధూవరుల కూర్పు పటములతోపాటు విందునందలి సహజ పటములను గూడ తీసినది. 1981 జులై 29న చార్లెస్, డయానాల వివాహమున పాట్రిక్ లిచ్‌ఫీల్డ్ రాజబంధువుల సమూహమును ఈల యూది అదుపులో నుంచెను. ఆ వరుస సడలినప్పటి విశ్రాంతిని గూడ విడువక పట్టుకొనెను.

మన పెండ్లిలో ఈ రెంటికిని చోటు గలదు. తలంబ్రాల వేళ ఎవ్వరును బిగిసి నిలువలేరు. దోసిళ్ల పోటీలో బిడియము తొలగును. అప్పగింతల వేళ తండ్రి ముఖమును ఎవరును కూర్చలేరు. అట్టి ఘడియలలో ఛాయాగ్రాహకుడు ప్రక్కకు తొలగి నిలువవలెను. సూత్రధారణవేళ వరుని చేతిని ఆపించి, ఇటు చూడుమనుట తగదు. ముహూర్తము పటముకొరకు ఆగదు.

అట్లని సహజ పటములనే నమ్ముకొనరాదు. సందడి ఎచ్చట నున్నదో కెమెరా అచ్చటికే పోవును. మూల పీటపై కూర్చున్న అమ్మమ్మ దాని కంట బడకపోవచ్చును. పాతికేండ్లకు పిమ్మట పిల్లలు అడుగునది ఆమెనే. కావున పెద్దలు అలసిపోకముందే వారిని నడుమ కూర్చుండబెట్టి, చుట్టును బంధువులను నిలిపి, ఒక్క కూర్పు పటమైనను తీయింపవలెను. దాని వెనుక వరుసగా పేర్లు వ్రాసి యుంచవలెను. అటుపిమ్మట ఛాయాగ్రాహకుని పందిరిలో స్వేచ్ఛగా తిరుగనిచ్చుట మేలు.