ఖనిజ, ఇంధన ఆర్థికశాస్త్రం: స్నాతకోత్తర విద్య చరిత్ర

లోహాలు, బొగ్గు, చమురు, సహజవాయువు వంటి భూగర్భ సంపద ధరలను, పెట్టుబడులను, పన్నులను, మార్కెట్లను ఎమ్మెస్, పీహెచ్‌డీ స్థాయిలో అధ్యయనం చేసే శాఖ ఇది. ఆర్థికశాస్త్ర విభాగాల్లో కంటే గనుల కళాశాలల్లోనే ఎక్కువగా వేళ్లూనుకుంది. విడి శాఖగా అమెరికాలో 20వ శతాబ్దపు రెండో సగంలో రూపు దిద్దుకుంది. ధరలు మండినప్పుడు సీట్లు నిండడం, చల్లారినప్పుడు విభాగాలే మూతపడడం దీని చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మూలాలు

బ్రిటన్ బొగ్గు నిల్వలపై విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో రాసిన ‘ది కోల్ క్వశ్చన్’ ఈ శాఖకు తొలి పాఠ్యగ్రంథం లాంటిది. ఆవిరి యంత్రాల పనితీరు మెరుగుపడితే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఆయన అందులో వాదించాడు. తరువాత గని విలువ కట్టే విద్య వచ్చింది. హెర్బర్ట్ హూవర్ స్టాన్‌ఫర్డ్, కొలంబియా విశ్వవిద్యాలయాల్లో ఇచ్చిన ఉపన్యాసాలు 1909లో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మైనింగ్’గా అచ్చయ్యాయి. గనుల ఇంజనీరుగా పేరు తెచ్చుకున్న ఈయనే తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. బ్రూకింగ్స్ సంస్థ ఆధ్వర్యంలో సాగిన ఉపన్యాసాలు 1932లో ‘మినరల్ ఎకనామిక్స్’ పేరుతోనే పుస్తకమయ్యాయి.

అంతకు ముందు ఏడాదే, 1931లో, హెరాల్డ్ హోటలింగ్ తరిగిపోయే వనరుల మీద వ్యాసం ప్రచురించాడు. తవ్వకం ఖర్చు పోను ఖనిజంపై మిగిలే విలువ ఏటా వడ్డీ రేటు చొప్పున పెరగాలన్నది ఆయన సూత్రం. అంతకన్నా నెమ్మదిగా పెరిగితే గని యజమాని ఇవాళే తవ్వి అమ్మి ఆ డబ్బును వడ్డీకి తిప్పుకోవడం మేలు. వేగంగా పెరిగితే భూమిలోనే ఉంచుకోవడం మేలు. ఈ శాఖలో చేరిన ప్రతి విద్యార్థీ దీన్ని నేర్చుకుంటాడు. అసలు మార్కెట్లో మాత్రం ఇది ఉన్నదున్నట్టు కనిపించడం అరుదు. 20వ శతాబ్దంలో చాలాకాలం పాటు అనేక లోహాల ధరలు, ద్రవ్యోల్బణాన్ని తీసేసి చూస్తే, పెరగకపోగా తగ్గాయి. ఎందుకు తగ్గాయన్న ప్రశ్న నుంచే ఈ శాఖలోని మంచి పరిశోధన చాలావరకు పుట్టింది.

దానికి ఒక జవాబు బార్నెట్, మోర్స్ 1963లో వెలువరించిన ‘స్కేర్సిటీ అండ్ గ్రోత్’లో ఉంది. కొత్త నిక్షేపాలు, కొత్త సాంకేతికత, ప్రత్యామ్నాయాలు కలిసి కొరతను వెనక్కి నెట్టాయని వారు లెక్కలతో చూపారు. 1972లో విన్సెంట్ మెకెల్వీ ఇచ్చిన వర్గీకరణ ఇంకా ముందుకెళ్లింది. ‘నిల్వ’ అనేది భూగర్భ శాస్త్రం ఒక్కటే తేల్చే సంఖ్య కాదు, ధర, ఖర్చు మారితే నిల్వ కూడా మారుతుంది. యూటాలోని బింగమ్ కాన్యన్‌లో 1906లో భారీ ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైనప్పుడు సుమారు 2 శాతం రాగి ఉన్న రాయి నాసిరకమే. నేడు 1 శాతం కూడా లేని రాయిని ప్రపంచమంతటా తవ్వుతున్నారు. నిన్నటి వ్యర్థం నేటి ఖనిజమైందంటే అది ఇలాగే.

విభాగాలు, ఒడిదొడుకులు

రెండో ప్రపంచ యుద్ధంలో లోహాలకు కలిగిన కటకట, ముడి పదార్థాల విధానంపై అమెరికా ప్రభుత్వం నియమించిన పేలీ సంఘం 1952లో ఇచ్చిన నివేదిక ఈ చదువుకు ఊతమిచ్చాయి. యుద్ధానంతరం పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం ఖనిజ ఆర్థికశాస్త్రానికి ప్రత్యేక విభాగం నడిపింది. 1874లో స్థాపితమైన కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ 1969లో స్నాతకోత్తర కోర్సు ప్రారంభించింది. నాలుగేళ్లకే, 1973లో, చమురు సంక్షోభం వచ్చిపడడంతో అప్పటిదాకా లోహాల చుట్టూ తిరిగిన పాఠాల్లోకి ఇంధనం జొరబడింది. కోర్సుల పేర్లలో ‘ఎనర్జీ’ చేరింది ఈ మార్పు ఫలితంగానే.

ఆ ఊపు ఎక్కువ కాలం నిలవలేదు. 1986లో చమురు ధర కుప్పకూలింది, లోహాలూ చాలాకాలం నీరసించాయి. క్రమంగా వెస్ట్ వర్జీనియా, అరిజోనాల్లో ఈ చదువు సన్నగిల్లింది. పెన్ స్టేట్ విభాగం తన విడి ఉనికిని కోల్పోయి పెద్ద విభాగాల్లో కలిసిపోయింది. అక్కడి నుంచి 1985లో కొలరాడోకు మారిన ఖనిజ ఆర్థికవేత్త జాన్ టిల్టన్ వంటివారి వల్ల ఈ విద్యకు ఆ గనుల కళాశాల ప్రధాన కేంద్రంగా నిలిచింది. ఫ్రాన్స్‌లోని ఐఎఫ్‌పీ స్కూల్‌తో కలిసి అది పెట్రోలియం ఆర్థికశాస్త్రంలో ఉమ్మడి డిగ్రీ కూడా ఇచ్చింది. ఆస్ట్రేలియాలో కర్టిన్ విశ్వవిద్యాలయం ఈ దారిలో నడిచింది.

పాఠ్యాంశాల్లో సూక్ష్మ ఆర్థికశాస్త్రం, ఎకనామెట్రిక్స్, గని మదింపు, సరకుల మార్కెట్ల నమూనాలు ఉంటాయి. ధర పడితే గనిని మూసి, లేస్తే తెరిచే వెసులుబాటుకూ విలువ కట్టవచ్చని బ్రెనన్, ష్వార్ట్జ్ 1985లో చూపాక మదింపు పాఠాల్లో ‘రియల్ ఆప్షన్స్’ కూడా చోటు సంపాదించుకుంది.

2010లో చైనా అరుదైన మృత్తికా లోహాల ఎగుమతులను బిగించడంతో గాలి మళ్లీ ఇటు తిరిగింది. దానికి రెండేళ్ల ముందే కీలక ఖనిజాలపై అమెరికా జాతీయ పరిశోధన మండలి నివేదికకు అధ్యక్షత వహించినది కొలరాడో ఆచార్యుడు రోడరిక్ ఎగర్ట్.

భారతదేశంలో

మన దేశంలో ఖనిజ ఆర్థికశాస్త్రం ఎక్కువగా భూగర్భ శాస్త్రం, మైనింగ్ కోర్సుల్లో ఒక పేపరుగానే మిగిలింది. అవసరం మాత్రం చిన్నది కాదు. 2015 తరువాతి గనుల వేలాల్లో పాటదారులు ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ ప్రకటించే సగటు అమ్మకపు ధర ఆధారంగా శాతాల్లో పాట పాడతారు. ఆ ధర రేపు ఎటు పోతుందో అంచనా కట్టలేనివారు నష్టపోతారు. రాయలసీమలోని మంగంపేట ముగ్గురాయి కథ ఇంకో ఉదాహరణ. చమురు బావుల డ్రిల్లింగ్ బురదలో బరువు కోసం దాన్ని కలుపుతారు కాబట్టి, దాని గిరాకీ చమురు ధరను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఖనిజమూ ఇంధనమూ రెండూ తెలిస్తే తప్ప ఆ లెక్క తేలదు. కేంద్ర భూవిజ్ఞాన కొలువులకు యూపీఎస్సీ జరిపే జియో సైంటిస్టు పరీక్షలో భూగర్భ శాస్త్ర అభ్యర్థులకు ఖనిజ ఆర్థికశాస్త్రం సిలబస్‌లోనే ఉంది.