తులము, గురిగింజ, తూటా

సంత్రాగాఛి స్టేషనునకు చేరువనున్న రైల్వేవారి సరస్సులో శీతకాలము రాగానే వేలకొలది నీటిబాతులు వచ్చి వ్రాలును. వానిని చూచుటకు ఇప్పుడు దుర్భిణులతో పోవుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమునకు పూర్వము వంగదేశపు బిల్లులకు, బీళ్లకు తుపాకులతో పోవువారు మెండు. పందొమ్మిదవ శతాబ్దిలో బాతులవేటకు బయలుదేరువాడు ముందటి రాత్రి దీపము ముందర కూర్చుండి ఒక పని చేసికొనవలసి యుండెను. కాల్చివేసిన ఇత్తడి తూటాలను తుడిచి, వానిలో మరల మందును, సీసపు రవ్వలను నింపుకొనుటయే యా పని. కొత్త తూటాలు సీమనుండి ఓడలపై రావలసినవి, ఖరీదు హెచ్చు. కనుక తుపాకి యెంత ముఖ్యమో, మందును కొలుచు పాత్ర యంత ముఖ్యము. ఆ పాత్రను పలువురు స్వయముగానే చేసికొనెడివారు.

ఆ పనిముట్టు చూచుటకు స్వల్పము. పనికిరాని తూటా యొకటి తీసికొని, కావలసినంత యెత్తున కోసి, దానికొక తీగె పిడిగా అతికింతురు. మందులో ముంచి, పైన అట్టముక్కతో చదును చేసినచో ఒక కొలత. చూచిన వారెవరికైనను వంటింటిలోని గిద్ద జ్ఞప్తికి రాకమానదు. చిక్కంతయు ఎంత యెత్తున కోయవలెననుటలోనే యున్నది. దానికి త్రాసు కావలెను, త్రాసునకు పడికట్టు కావలెను. మందునకు ఆంగ్లేయుల కొలమానము డ్రాము, గుండునకు గ్రెయిను. ఈ దేశమున పల్లెపట్టున ఆ తూనికరాళ్లు దొరకునా?

దొరకకున్నను ప్రతివాని చేతిలో ఒకటి కలదు. అది వెండిరూపాయి. 1835 నాటి నాణెముల శాసనము ననుసరించి కంపెనీ రూపాయి తూకము సరిగా 180 గ్రెయినులు. అదియే తులము. తులమునకు 96 రతులు, అనగా 96 గురిగింజల యెత్తు. లెక్క చూచినచో ఒక గురిగింజ రెండు గ్రెయినులకు కొంచెము తక్కువ. డ్రామొకటి 27 గ్రెయినులకు కొంచెము పైగా నుండును గనుక, పదునైదు గురిగింజలలోపలనే తేలిపోవును. గింజకు గింజకు తేడా యుండునని కంసాలి యెరుగును. అందుచేతనే ఒక్క గింజను నమ్మడు, గుప్పెడు గింజలను తూచి సగటు చూచును.

ఆ 180 గ్రెయినుల రూపాయి వెనుక కలకత్తా టంకసాల యున్నది. 1832లో అచ్చట లోహపరీక్షాధికారియైన జేమ్స్ ప్రిన్సెప్ పేరు తెలుగువారు వేరొక కారణమున నెరుగుదురు. 1837లో బ్రాహ్మీలిపి గుట్టు విప్పి, అమరావతి శాసనములు చదువుటకు దారి చూపిన మహానుభావు డాయనయే. ఆయనకు కావలసినంత సూక్ష్మమైన త్రాసు దొరకకపోగా తానే యొకటి నిర్మించుకొనెను. గ్రెయినులో వేయింట మూడు పాళ్లను సైతము ఆ త్రాసు చూపెడిదట. అశోకుని అక్షరములను విడదీసిన కన్నే త్రాసుముల్లును చూచినది. రెండును ఒక్క పనియే యనిపించును.

ఇక తుపాకి గొట్టపు కొలత సంగతి మరింత చమత్కారము. పన్నెండు బోరు తుపాకి యనగానేమి? ఒక పౌను సీసమును సరిసమానముగా పన్నెండు గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ గొట్టములో సరిగా పట్టునో ఆ గొట్టము పన్నెండు బోరు. గొట్టపు లోపలి వెడల్పును కొలుచుటకు సన్నని కొలబద్ద లేని కాలమున, పొడవును తూకముగా మార్చి చెప్పిన యుక్తి యిది. సీసము, అచ్చు, త్రాసు ఉన్నచాలును. పదహారు బోరు, ఇరువది బోరు అనుచు సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగుట చూచి తికమకపడువారికి ఇదియే సమాధానము.

అయితే బాతులవేటలో కొలత తప్పినచో బాతు తప్పును, అంతియే. సైనికుని చేతిలో కొలత సంగతి వేరు. సంత్రాగాఛికి గంగ కావలియొడ్డున, నగరమునకు ఉత్తరముగా డండం కలదు. అచ్చట 1857 జనవరిలో సిపాయిలకు కొత్త ఎన్‌ఫీల్డు తుపాకిని నేర్పుచుండిరి. కాగితపు తూటా అనగా నిజమునకు ముందుగా కొలిచియుంచిన మందుపొట్లమే. రెండున్నర డ్రాముల మందు, 530 గ్రెయినుల గుండు, అనగా మూడు రూపాయల యెత్తునకు కొంచెము తక్కువ సీసము అందుండును. సిపాయి కొలువనక్కరలేదు, పండ్లతో కొరికి చింపి గొట్టములో పోసిన చాలును.

గొట్టపు వెడల్పు అంగుళములో వేయింట 577 పాళ్లు. గుండు 568. నడుమ మిగిలిన సందు తొమ్మిది పాళ్లు, మూడు వెంట్రుకల మందము. ఆ యిరుకులో కాగితము చుట్టిన గుండు సాఫీగా దిగవలెనన్నచో క్రొవ్వు పూయవలెను. ఆ క్రొవ్వు ఏ జంతువుదను ప్రశ్న డండంలో ఒక ఖలాసీ నోట, నీటిచెంబు తగవులో, మొదట బయటపడినదని సంప్రదాయముగా చెప్పుదురు. జనవరి 22న ఆ సంగతి అధికారులకు లిఖితముగా అందెను. 27న వెలువడిన ఉత్తరువులో, క్రొవ్వులేని తూటాలనిచ్చి, సిపాయిలు తమకు నచ్చిన పూతను తామే కలిపి పూసికొనవచ్చుననిరి. నమ్మకము పోయిన తరువాత వచ్చిన స్వాతంత్ర్య మెవరికి కావలెను? మార్చి 29న బారక్‌పూరులో మంగళపాండే తుపాకి యెత్తెను. ఆ మహావిప్లవమునకు కారణములు వేయి యున్నను, అందు మూడు వెంట్రుకల మందమైన కారణ మొకటి యిది. తుదకు 1859లో గుండును 550కి తగ్గించిరి. ఆ పని రెండేండ్లు ముందే చేసియుండవచ్చును గదా!

కొలత పనిముట్లను ఈ దేశీయులు చేయగలరా యను సందేహము కూడ ఆనాటిదే. 1808లో కర్నల్ లాంబ్టన్ దేశమును కొలుచుచు తంజావూరు గోపురముపైకి ఎత్తించుచున్న థియొడొలైటు త్రాడు తెగి పడి, దాని చక్రము వంగిపోయెను. అంతటి యంత్రము మరల లండను నుండి రావలసినదే. ఆయన గుడారములో తలుపు మూసికొని, ఆయుధశాల పనివారి తోడ్పాటుతో ఆరు వారములు శ్రమించి దానిని సరిచేసికొనెను. తుపాకులు చేయు చేతులే నక్షత్రములను చూచు యంత్రమును నిలబెట్టినవి. ఆ పిమ్మట ఆయన 1811లో గుత్తి వద్దను, 1815లో బీదరు వద్దను ఆధారరేఖలను కొలిచెను. 1818లో హైదరాబాదునందు ఆయనను కలిసికొన్న సహాయకుడే జార్జి ఎవరెస్టు.

ఎవరెస్టు 1830లో సీమనుండి తిరిగివచ్చుచు హెన్రీ బారో అను నిపుణుని వెంటబెట్టుకొని వచ్చి, కలకత్తాలో గణితయంత్రశాల పెట్టించెను. ఆ పని నేర్చి, పిమ్మట 1843లో బారో స్థానమునకు వచ్చినవాడు ఆర్కాటు వాస్తవ్యుడైన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్. చెన్నపట్టణమున ఆభరణముల పనిలో చేయి తిరిగిన ఈ మనుష్యుడు చక్రముపై అంశలు, కళలు గుర్తించుటలో చూపిన నైపుణ్యమును ఎవరెస్టు తన 1847 నాటి గ్రంథమున మెచ్చుకొనెను. గురిగింజతో బంగారమును తూచినవాడు ఖండమునే కొలుచు యంత్రమును చెక్కెను. తెలుగుదేశమునకు పొరుగూరివాడే, అయినను ఆయన పేరు పాఠ్యపుస్తకములలో కానరాదు. శిఖరమునకు పేరు ఎవరెస్టుది.

ఇంటివద్ద తూటాలు నింపుకొను వాడుక తగ్గుటకు చట్టమొక కారణము, రసాయనము మరియొకటి. 1878 నాటి ఆయుధచట్టము దేశీయుల చేతినుండి తుపాకిని లైసెన్సు వెనుకకు నెట్టినది; తెల్లవారికి మాత్రము మినహాయింపు. స్వతంత్ర భారతమున 1959 నాటి చట్టము క్రిందను లైసెన్సు లేక మందుగుండు తయారుచేయుట నేరమే. ఇక రసాయనము మాట. పొగరాని కొత్తమందులు వచ్చిన పిదప పాత గిద్ద ప్రాణాంతకమైనది. నల్లమసి మందు ఏ గిద్దతో కొలిచినను ఇంచుమించుగా ఒకే బలము చూపెడిది. కొత్తమందులలో కొన్నిటిని పాతకొలతకే సరిపోవునట్లు ఉబ్బించి చేసిరి గాని, మరికొన్ని దట్టమైనవి. అదే పాత్రతో అవి పోసినచో గొట్టము పగిలి వ్రేళ్లు పోయెడివి. కొలపాత్ర నిజమే చెప్పుచుండెను. అది కొలిచినది పరిమాణమును, బలమును కాదు.

1958 అక్టోబరు నుండి దశాంశ తూనికలు ప్రవేశించి తులము 11.66 గ్రాములైనది. మొహసిన్ హుస్సేన్ పనిచేసిన యంత్రశాల 1957లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ లిమిటెడ్ అను ప్రభుత్వసంస్థయై, జాదవపూరులో దుర్భిణులు, థియొడొలైట్లు చేసినది. అది మూతపడగా ఆ స్థలము 2009లో జాదవపూర్ విశ్వవిద్యాలయమునకు సంక్రమించెను.