అద్దంలో రాజు: వెలాస్కెస్ ‘లాస్ మెనీనాస్’

స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు డియేగో వెలాస్కెస్ 1656లో గీసిన ‘లాస్ మెనీనాస్’ మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. మెనీనాలంటే రాకుమారి చెలికత్తెలు. మూడు మీటర్లకు పైగా ఎత్తున్న ఈ చిత్రాన్ని రాజకుటుంబ చిత్రంగానే పరిగణిస్తారు. అయితే రాజు నాలుగో ఫిలిప్, రాణి మరియానా ఇందులో వెనకగోడ మీది చిన్న అద్దంలో మసకగా మాత్రమే కనిపిస్తారు. వెలుగంతా ఐదేళ్ల రాకుమారి మార్గరీతది. ఎడమపక్క ఎత్తైన కాన్వాసు ముందు, కుంచె పట్టుకొని, చిత్రకారుడే నిలుచున్నాడు.

అద్దంలో ప్రతిఫలిస్తున్నదేమిటి? రాజదంపతులు మనమున్న చోటే నిలబడి ఉన్నారని ఒక వాదన. 1966లో ఫూకో తన గ్రంథాన్ని ఈ చిత్ర విశ్లేషణతోనే ఆరంభించి, చూసేవారి స్థానమే ఇక్కడ ప్రశ్నగా మారిందన్నాడు. కాని గది గోడల, పైకప్పు రేఖలను పొడిగిస్తే అవి అద్దం దగ్గర కాక, వెనక మెట్లమీద నిలుచున్న హోసే నియెతో దగ్గర కలుస్తాయి. అంటే మన స్థానం ఆ తలుపుకు ఎదురుగా ఉంది. అక్కడినుంచి అద్దంలో కనబడవలసినది ఎడమనున్న కాన్వాసు. నాకు ఈ రెండో వాదనే సబబుగా తోస్తుంది. అప్పుడు రాజు ఉనికి చిత్రకారుడు గీసిన బొమ్మకు ప్రతిబింబం మాత్రమే.

ఇది చిన్న సాహసం కాదు. ఆనాటి స్పెయిన్‌లో చిత్రలేఖనాన్ని చేతిపనిగానే చూసేవారు. 1659లో సాంతియాగో వీరబిరుదు పొందడానికి, వెలాస్కెస్ బొమ్మలమ్ముకొని బతకలేదని సాక్షులు చెప్పవలసి వచ్చింది. చిత్రంలో ఆయన ఛాతీమీది ఎర్ర శిలువ ఆ బిరుదు చిహ్నమే, తరవాత చేర్చినది.

వైద్యుడి కన్ను కుడివైపు ఆగుతుంది. మారీ బార్బొలాలో పెద్ద తల, పొట్టి అవయవాలు ఎకాండ్రోప్లేసియా లక్షణాలు. పక్కన కుక్కపై కాలు మోపిన నికొలాసితో పెర్తుసాతోది అవయవాల పొందిక చెడని పొట్టితనం. ఆస్థానానికి వారు వినోదవస్తువులు. వైద్యగ్రంథంలోని బొమ్మ లక్షణాలను చూపుతుంది. వెలాస్కెస్ మనిషిని చూపాడు. బార్బొలా మనవైపు సూటిగా, తొణక్కుండా చూస్తుంది.

మరి పాప కేంద్రంలో ఎందుకుంది? యువరాజు బల్తాసార్ కార్లోస్ 1646లోనే మరణించాడు. 1656 నాటికి మగవారసుడు లేడు. మరియానా ఫిలిప్‌కు స్వయానా మేనకోడలు. మార్గరీతకూ 1666లో మేనమామ లియోపోల్డ్ చక్రవర్తితోనే వివాహమైంది. 1673లో ఇరవై ఒకటో ఏట మరణించింది. మేనమామతో పెళ్లి మన సమాజానికీ తెలిసినదే. అయితే ఆ వంశం తరతరాలుగా తనలో తానే సంబంధాలు కలుపుకుంది. జీవితమంతా అనారోగ్యంతో గడిపిన ఆమె తమ్ముడు రెండో కార్లోస్ 1700లో సంతానం లేకుండా మరణించడంతో స్పెయిన్‌లో ఆ వంశపాలన ముగిసింది.

1660లో కన్నుమూసిన వెలాస్కెస్ ఇదేదీ చూడలేదు. ఒక రాజ్యపు ఆశనంతా మోస్తున్న పసిపిల్లను మాత్రం చూశాడు.