డాల్డా దాయాది

డాల్డా పుట్టుకలో కొవ్వొత్తుల వ్యాపారుల చెయ్యి ఉందని ఈమధ్యే చదివి తెగ ముచ్చటపడ్డాను. అమెరికాలోని సిన్సినాటిలో కొవ్వొత్తులు చేసే విలియం ప్రోక్టర్, సబ్బులు చేసే జేమ్స్ గాంబుల్ తోడల్లుళ్లు. ఇద్దరి సరుకుకూ మూలం కొవ్వే. ఒకే కొవ్వు కోసం ఇద్దరూ పోటీ పడటం దేనికని మామగారు నచ్చజెప్పి, 1837లో ఇద్దరిచేతా కలిపి కంపెనీ పెట్టించాడు. శతాబ్దం చివరికొచ్చేసరికి కరెంటు బల్బు వచ్చి కొవ్వొత్తి గిరాకీకి గండి కొట్టింది. కంపెనీ చేతిలో పత్తిగింజల నూనె దండిగా ఉంది. దాన్ని గడ్డకట్టించే కిటుకు జర్మనీవాడు విల్హెల్మ్ నార్మన్ 1902లోనే కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. కాగిన నూనెలో నికెల్ పొడి కలిపి హైడ్రోజన్ ఎక్కిస్తే, చల్లారాక అది వెన్నలా పేరుకుంటుంది. 1911లో ఈ సరుకు ‘క్రిస్కో’ పేరుతో వంటింట్లోకి వచ్చింది. అదే కిటుకుతో మన దేశంలో లీవర్ వాళ్లు 1937లో డాల్డా తెచ్చారు. ఆ పసుపు డబ్బా ఖాళీ అయ్యాక ఎన్ని పెరళ్లలో తులసి కోటగా మారిందో లెక్కలేదు.

ఇప్పుడు ఇళ్లలో గాజు గ్లాసుల్లోనూ రేకు డబ్బాల్లోనూ సెంటు కలిపి కొవ్వొత్తులు పోసుకునేవాళ్లు కొంటున్న సోయా మైనం ఈ వంశంలోదే. సోయా నూనెకు హైడ్రోజన్ పట్టించి, తెల్లటి రేకుల్లా చేసి సంచుల్లో అమ్ముతారు. వేళ్ల మధ్య నలిపితే జారుడుగా, కొంచెం జిడ్డుగా తగులుతుంది. హైడ్రోజన్ పూర్తిగా పట్టిస్తే గట్టిగా, పెళుసుగా తయారై 70 డిగ్రీల దగ్గర గానీ కరగదు. కొంతవరకే పట్టిస్తే మెత్తగా ఉండి గ్లాసు గోడను అంటిపెట్టుకుంటుంది. సోయా మైనాల్లో రకాలన్నీ చాలావరకు ఈ మోతాదును బట్టి వచ్చినవే.

ఇక వెనక్కి వెళ్తే, చైనాలో ఒక చెట్టు గింజల కొవ్వుతోనూ, జపాన్‌లో మరో చెట్టు కాయల మైనంతోనూ ఏనాటినుంచో కొవ్వొత్తులు చేసేవారు. కాబట్టి మొక్కల మైనం కొత్త ఆలోచన అనుకోవడం పడమటివాళ్ల గొప్పే. మన పల్లెల్లో వెలుగు ఆముదం ప్రమిదది. యూరప్‌లో గుడులకూ కోటలకూ తేనెమైనం, మిగతా జనానికి ఆవు, గొర్రె కొవ్వు. ఆ కంపు అలవాటైనవాళ్లకే తెలుసు. ఇంగ్లండులో 1709లో కొవ్వొత్తుల మీద పన్ను వేసి, లైసెన్సు లేకుండా ఇంట్లో చేసుకోకూడదన్నారు. తుంగపుల్లను కొవ్వులో ముంచి వెలిగించుకునే నిరుపేదలకు మాత్రం మినహాయింపు. ఆ పన్ను 1831 దాకా నడిచింది. 122 ఏళ్లంటే నాలుగు తరాలు. ఇంటి ఆడవాళ్ల చేతిలో ఉండాల్సిన పనిని సర్కారు ఎత్తుకుపోయింది. దాన్ని ఇవాళ ‘హాబీ’ అని పేరుపెట్టి కిట్లు కొని నేర్చుకుంటున్నాం.

నాకు అసలు ఇష్టమైన కాలం ఆ పన్ను ఆఖరి రోజులు. చోటు పారిస్, మనిషి రసాయనవేత్త మిషెల్ షెవ్రోల్. కొవ్వంటే ఒకే పదార్థం కాదని, అందులో గ్లిజరిన్ ఒకటి, గట్టివీ పలచనివీ అయిన ఆమ్లాలు వేరే ఉంటాయని తేల్చి 1823లో పుస్తకం వేశాడు. పలచటిదాన్ని పిండేస్తే మిగిలేది స్టియరిక్ ఆమ్లం. తెల్లగా, గట్టిగా ఉంటుంది, కంపుకొట్టదు. 1825లో తోటి రసాయనవేత్త గే-లుసాక్‌తో కలిసి పేటెంటు తీసుకున్నాడు గానీ వ్యాపారం సాగలేదు. అదే ఏడు కంబసరెస్ అనే ఇంజనీరు వత్తిని జడలా అల్లాడు. అల్లిన వత్తి మండుతూ పక్కకు వంగి, కొస తనంతట తనే కాలిపోతుంది. అంతకుముందు మాటిమాటికీ కత్తెరతో మసి కత్తిరించాల్సిందే. నాటకశాలల్లో అందుకోసమే మనుషుల్ని పెట్టేవారు. ఆ చిన్న కత్తెర, దాని పళ్లెం ఇప్పుడు పాతసామాన్ల మోజుగాళ్లకే పనికొస్తున్నాయి.

ఆర్క్ ద త్రియంఫ్ దగ్గర ద మిలీ అనే ఆయన ఫ్యాక్టరీ పెట్టి ‘నక్షత్రం కొవ్వొత్తి’ అమ్మాడు. అంతా బాగుంది, ఒక్కటే తంటా. చల్లారుతుంటే స్టియరిక్ ఆమ్లం పెద్ద పెద్ద స్ఫటికాలుగా పేరుకుని కొవ్వొత్తి పెళుసెక్కేది. దీనికి వాళ్లు చేసిన వైద్యం ఆర్సెనిక్! కొంచెం పాషాణం కలిపితే స్ఫటికం ఎదగదు. వెలిగించుకున్నవాళ్లు ఏం పీలుస్తున్నారో ఎవరూ అడగలేదు. 1837లో లండన్ డాక్టర్లు గగ్గోలు పెట్టాక మానుకున్నారు. తర్వాత తెలిసింది ఏమిటంటే, మరీ వేడిగా పొయ్యకుండా, గడ్డకట్టబోయే దాకా కలుపుతూ చల్లార్చి, వెచ్చగా ఉన్న అచ్చులో పోస్తే చాలునట.

షెవ్రోల్ 102 ఏళ్లు బతికాడు. నూరో పుట్టినరోజప్పుడు ఫొటోగ్రాఫర్లయిన నాడార్ తండ్రీకొడుకుల్లో తండ్రి ప్రశ్నలడుగుతుంటే కొడుకు ఫొటోలు తీశాడు. ప్రపంచంలో మొదటి ఫొటో ఇంటర్వ్యూ అదేనంటారు. ఐఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి. ఆ టవర్ ప్రారంభమైన తొమ్మిది రోజులకే, 1889 ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. 1850ల నుంచి పెట్రోలియం పారాఫిన్ చవగ్గా దొరికి అందరినీ పక్కకు నెట్టింది. నూటనలభై ఏళ్ల తర్వాత, 1990ల మొదట్లో, సోయా పొలాల అయోవాలో మైఖేల్ రిచర్డ్స్ అనే ఆయన కొవ్వొత్తులకు తేనెమైనం ఖరీదు భరించలేక బదులు వెతుకుతూ సోయా నూనె దగ్గర ఆగాడు. అటు, నూనెకు కొంతవరకే హైడ్రోజన్ పట్టిస్తే పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని తేలి, మన దేశంలోనూ 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో అది 2 శాతానికి మించకూడదన్నారు. ఒంటికి పనికిరాని గుణం వత్తికి పనికొచ్చింది.

ఇప్పుడు ఎంచుకోవడం సంగతి. గోల్డెన్ బ్రాండ్స్ 464 అనే రకం గ్లాసులకు బాగా పేరున్నది. సుమారు 46 నుంచి 48 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది రెంటచింతల, రామగుండాల వేసవికి దాదాపు సరిసమానం. తలుపులు మూసిన కొరియర్ వ్యానులో అయితే చెప్పనే అక్కర్లేదు. వాళ్లదే 444 ఇంకో మూడు డిగ్రీలు ఓర్చుకుంటుంది. మన ఎండల్లో అమ్మకానికో బహుమతికో పంపేవాళ్లకు నా ఓటు దానికే. సెంటు నూనె 6 నుంచి 10 శాతం పడుతుంది. 200 గ్రాముల మైనానికి 16 గ్రాములంటే 8 శాతం, మొదలుపెట్టడానికి అది చాలు. 85 డిగ్రీల దగ్గర సెంటు కలిపి, 57కు దిగాక పోసి, ఒకటి రెండు వారాలు కదపకుండా ఉంచితే పరిమళం పట్టుకుంటుంది. పారాఫిన్‌కు వాడిన వత్తి దీనికి చాలకపోవచ్చు, ఒక సైజు లావుది చూసుకోవాలి.

పైన బూజులా తెల్లమచ్చలు వస్తే కంగారొద్దు. పారిస్‌వాళ్లను వేధించిన స్ఫటికం గొడవ లాంటిదే ఇది కూడా. సోయాకు సహజం. వాసనకూ వెలుగుకూ ఏమీ కాదు. ముదురు రంగు వేస్తే మచ్చ కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి, రంగు జోలికి పోకపోవడమే తేలిక.