గాలిగొడుగు గుడ్డ, ఊయల పడక

ఎత్తునుండి దూకిన మనిషిని ప్రాణములతో నేలకు దింపుటకు పారాచూటు పుట్టినది. అతడు దిగిన తరువాత ఆ గుడ్డ ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో, రెండు చెట్ల నడుమ కట్టుకొని నిద్రించు ఊయల పడక దగ్గరకు చేరుదుము.

ఊయల పడక యుద్ధము కనిపెట్టినది కాదు. 1492లో కొలంబస్ కరీబియన్ దీవులలో దిగినప్పుడు, అక్కడి టైనో ప్రజలు నూలుతో అల్లిన వలలను వ్రేలాడగట్టి వానిలో నిద్రించుట చూచినాడు. వారి ‘హమాక’ అను మాటయే కొద్ది మార్పులతో ఐరోపా భాషలలోనికి పోయినది. పాతచీరను దూలమునకు కట్టి పసిబిడ్డను ఊపు మనకు ఇందులో వింత యేమియు లేదు.

గుడ్డ మారుటయే అసలు కథ. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు పారాచూట్లను ఎక్కువగా పట్టుతో కుట్టెడివారు. అమెరికాకు ఆ పట్టు చాలవరకు జపాను నుండి వచ్చుచుండెను. 1941లో ఆ వర్తకము ఆగిపోయినది. అదృష్టవశమున, డ్యూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో వాలెస్ కరోథర్స్ 1935లోనే నైలానును తయారు చేసియుండెను. 1940లో మేజోళ్ల రూపమున బజారుకు వచ్చిన ఈ దారము 1942 నాటికి యుద్ధమునకు మళ్లినది. ఆ ఏడు జూన్ నెలలో అడెలైన్ గ్రే అను యువతి కనెక్టికట్ రాష్ట్రములో నైలాను పారాచూటుతో తొలిసారి దూకి చూపినది. (బర్మా రంగమున పారాచూట్లు చాలనప్పుడు, సరకులు దింపుటకు జనరల్ స్లిమ్ సైన్యము కలకత్తాలో జనపనార గుడ్డతోనే వానిని చేయించినది. వానిని ‘పారాజూట్లు’ అన్నారు!)

తెరచుకొను క్షణమున పారాచూటుపై పెద్ద కుదుపు పడును. గుడ్డలో ఒకచోట చిరుగు పుట్టినచో అది ప్రాకిపోరాదు. అందుకై నడుమ నడుమ బలమైన దారములను గళ్లుగా నేయు పద్ధతి వచ్చినది. చిరుగు ఆ గడి అంచున ఆగిపోవును. తేలికదనము, నీటిని కొద్దిగానే పీల్చుట, త్వరగా ఆరుట అను గుణములు కూడ కలిసినవి. అడవిలో పడుకొనువానికి ఇంతకంటె ఏమి కావలెను?

1944 ఆగస్టులో జపానులోని యవాతాపై బాంబుల దాడికి పోయిన అమెరికా విమానము ఒకటి నిప్పంటుకొనగా, దానిని నడిపిన క్లాడ్ హెన్సింగర్ చైనాలో దూకినాడు. రక్షకులు వచ్చువరకు పారాచూటే అతనికి తలగడ, దుప్పటి. 1947లో అతని వధువు ఆ గుడ్డతోనే పెండ్లి దుస్తులు కుట్టించుకొన్నది. అవి నేడు స్మిత్సోనియన్ వారి మ్యూజియమున ఉన్నవి.

అయితే ఈ గుడ్డ పడకగా నిజమైన చరిత్ర నడిపినది వియత్నాములో. 1954 మార్చి 13న దియెన్ బియెన్ ఫూ లోయలో ఫ్రెంచివారి స్థావరముపై ముట్టడి తీవ్రమైనది. నెలాఖరుకు విమానములు దిగు దారి మూసుకొనిపోయినది. అటుపిమ్మట తిండి, మందులు, గుండ్లు అన్నియు పారాచూట్లతోనే రావలెను. స్థావరము చిన్నదైన కొలది జారవిడిచిన సరకులలో మరింత భాగము వియత్ మిన్ సైనికుల చేజిక్కినది. మే 7న కోట పడునాటికి లోయ అంతయు పారాచూట్లతో నిండియున్నది. తమను తరుమవచ్చిన సైన్యపు గుడ్డయే వారికి మెడగుడ్డ, దుప్పటి, పడక అయినది.

1959లో త్రువోంగ్ సోన్ కొండలగుండ, బయటివారు హో చి మిన్ బాట అని పిలిచిన దారి మొదలైన పిదప ఊయల సైనికుని మూటలో తప్పనిసరి వస్తువైనది. తేమ నేల, జలగలు, మలేరియా గల అడవిలో నేలపై పడుకొనుట రోగమును పిలుచుటయే. పడకగానే కాదు, అదే ఊయలను వెదురుబొంగుకు కట్టి గాయపడినవానిని ఇద్దరు మోసికొనిపోయెడివారు.

కుట్టుటలో చిన్న లెక్క యున్నది. అమెరికా వైమానికుల పారాచూటు ఒకటి 28 అడుగుల అడ్డుకొలత, 28 పలకలు. ఒక్కొక్క పలక 14 అడుగుల ఎత్తు, అడుగున మూడడుగులకు కొంచెము మించిన వెడల్పు గల త్రికోణము. ఒకదానిని తలక్రిందులు చేసి మరొకదానితో కలిపి కుట్టినచో, వెడల్పు అంతటను ఒకే తీరున వచ్చును.

కట్టుటలో లెక్క ఇంకను ముఖ్యము. 60 కిలోల మనిషి పడుకొన్నప్పుడు, తాడు క్షితిజముతో 30 డిగ్రీల కోణము చేసినచో ఒక్కొక్క తాటిపై లాగుడు 60 కిలోలే. అందముగా ఉండునని బిగించి 5 డిగ్రీలకు తెచ్చినచో అది 344 కిలోలగును! అమెరికా సైన్యపు మూడవరకపు పారాచూటు తాడు తెగకుండ ఓర్చునని హామీ ఇచ్చునది 550 పౌనులు, అనగా 250 కిలోలు మాత్రమే. ముడివేసినచో అదియు తగ్గును. కనుక ఊయల వంగియుండుటయే క్షేమము. ఉపాధ్యాయులు బలముల పాఠమున దీనిని ఒక స్ప్రింగు త్రాసుతో చూపవచ్చును.

నైలానుకు ఎండ శత్రువు. అతినీలలోహిత కిరణములు దాని అణుశృంఖలలను త్రెంచును. పైకి క్రొత్తగా కనిపించు గుడ్డయే వ్రేలితో పొడిచిన చిరుగవచ్చును. సైన్యములు గడువు తీరిన పారాచూట్లను తీసివేయుటకు ఇదియు ఒక కారణము. అట్టి గుడ్డతో పడక కుట్టువారు ముందు బరువు వ్రేలాడదీసి చూడవలెను.

వియత్నాం భాషలో గొడుగునకును పారాచూటునకును ‘జూ’ అను ఒకే మాట కలదు, మనము గాలిగొడుగు అన్నట్లే. సంచులు, చొక్కాలు కుట్టు పలుచని నైలానును, అది ఏనాడును విమానమెక్కకపోయినను, అక్కడి బజారులలో నేటికిని ‘వై జూ’, అనగా గాలిగొడుగు గుడ్డ, అనియే అడిగి కొందురు.