పేరు తెలియని జబ్బును కేసు షీట్లలో వెతకడం

ఒక జబ్బు ఎంతమందికి వస్తున్నదో లెక్కించాలంటే ముందు దానికొక పేరుండాలి. ఆ పేరు వైద్యునికి తట్టాలి, తట్టినది కేసు షీటులోకి ఎక్కాలి. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ విషయంలో ఈ మూడూ వేర్వేరు కాలాల్లో జరిగాయి.

స్టాఫిలోకాకస్ చీముతో పాటు ఒళ్లంతా ఎర్రని దద్దు వచ్చిన రోగులను 1927లోనే స్టీవెన్స్ అనే అమెరికన్ వైద్యుడు వర్ణించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1978లో డెన్వర్‌కు చెందిన పిల్లల వైద్యుడు జేమ్స్ టాడ్, 8 నుంచి 17 ఏళ్ల లోపు ఏడుగురి కేసులను లాన్సెట్ పత్రికలో ప్రచురించి ఇప్పటి పేరు పెట్టాడు. రెండేళ్లకు, 1980లో, అమెరికాలో నెలసరి సమయంలో టాంపాన్లు వాడే యువతులలో ఈ జబ్బు వరుసగా బయటపడింది. ఆ సెప్టెంబరులో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ తన రిలై టాంపాన్లను బజారు నుంచి ఉపసంహరించుకుంది.

అప్పుడొక చిక్కు ప్రశ్న లేచింది. జబ్బు నిజంగా పెరిగిందా, లేక పత్రికలు చదివిన వైద్యులు దానిని గుర్తుపట్టడం పెరిగిందా? వైద్యులు తమంతట తాము పంపే నివేదికలు దీనికి జవాబివ్వలేవు. వార్తల హోరు తగ్గితే నివేదికలూ తగ్గుతాయి. అందుకే పెటిటీ, రైన్‌గోల్డ్, చిన్ అనే పరిశోధకులు ఉత్తర కాలిఫోర్నియాలో 1972 నుంచి 1983 వరకు ఉన్న ఆసుపత్రి రికార్డులను తిరగేసి, 1986లో ఫలితాలు ప్రకటించారు. జబ్బుకు పేరు పుట్టకముందు రాసిన కాగితాల నుంచి కూడా దానిని వెలికితీయడం ఈ పద్ధతిలోని బలం. ఆ కేసు షీటు రాసిన వైద్యుడు ఏ వార్తా చదివి ఉండడు కదా!

అయితే పాత కాగితంలో జబ్బును గుర్తుపట్టడమెలా? 38.9 డిగ్రీల సెల్సియస్ లేక అంతకు మించిన జ్వరం, ఎండకు కమిలినట్లు ఎర్రబడిన చర్మం, 90కి దిగిన రక్తపోటు, కనీసం మూడు అవయవ వ్యవస్థల్లో దెబ్బ, ఒకటి రెండు వారాల తర్వాత అరచేతులు, అరికాళ్ల చర్మం పొరలుగా ఊడిపోవడం. ఈ చివరి లక్షణం దగ్గరే లెక్క తప్పుతుంది. చర్మం ఊడేనాటికి బతికిన రోగి ఇంటికి చేరి ఉంటాడు. డిశ్చార్జి సమ్మరీలో అది కనబడదు.

టాంపాన్లు మన పల్లెల్లో ఎవరూ వాడరు గనుక ఈ జబ్బు మనది కాదనుకోవడం పొరపాటు. కాలిన గాయాలు, ఆపరేషన్ కుట్లు, చీముగడ్డలు, ముక్కులో పెట్టిన గాజు ప్యాకింగ్, కాన్పు తర్వాత గర్భాశయానికి సోకే ఇన్‌ఫెక్షన్, వీటన్నిటి నుంచీ రావచ్చు. కాన్పు తర్వాత స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే రకం మరీ ప్రమాదకరం.

రామతీర్థంలో ఒక బాలింతకు ఇలాంటి జ్వరం వచ్చిందనుకుందాం. నెల్లిమర్లలో ఒక ఓపీ చీటీ, విజయనగరంలో ఒక కేసు షీటు, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి పంపితే అక్కడ మరొకటి. మొదటి చోట 'జ్వరం, దద్దు', రెండో చోట 'బాలింత జ్వరం', మూడో చోట 'సెప్టిక్ షాక్'. ఒక్క మనిషి మూడు జబ్బులవుతుంది, అసలు జబ్బు మాత్రం ఏ ఖాతాలోకీ రాదు. ఐసీడీ-10లో దీనికి ఏ48.3 అనే సొంత సంకేతముంది. సెప్టిక్ షాక్ అని రాసి ఊరుకుంటే ఆ సంకేతం వాడే అవసరమే పడదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ పథకం వల్ల కంప్యూటరులో రికార్డులు పెరిగిన మాట నిజమే. కానీ అవి చెల్లింపు కోసం పుట్టిన రికార్డులు. చేసిన చికిత్సను చెప్పినంత బాగా జబ్బు కారణాన్ని చెప్పవు.

నా దృష్టిలో మనకు అందుబాటులో ఉన్న ఆధారం మరొకటుంది. కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్తుంది. చర్మం ఊడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. బాలింతకు తీవ్ర జ్వరం, ఎర్రని దద్దు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి పంపాలి. కోలుకుని వచ్చిన బాలింతైతే అరచేతులు చూసి, చర్మం ఊడుతుంటే ఒక్క వాక్యం రాసి, ఆ కాగితాన్ని పాత కేసు షీటుకు జతచేయించాలి.